ఆవిరక్క చెప్పని మాట

నాలుగో అంతస్తు, వీధివైపు గది
జూన్ 4

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ముందే చెప్తున్నాను, ఇది చదివి ఫోన్ చెయ్యకు. నా ఎడమ చెవి పోయినేడాదే రాజీనామా ఇచ్చేసింది. కుడిది నోటీసు కాలంలో ఉంది. మీ అమ్మ ఫోన్‌లో ఏదో అడుగుతుంది, నేను ఇంకేదో చెప్తాను, ఇద్దరం తృప్తిగా పెట్టేస్తాం. రేడియోలో ముప్ఫై ఏళ్ళు మాట్లాడి జీతం తీసుకున్నదానికి ఇంతకంటే తగిన శిక్ష ఎవరూ ఆలోచించలేరు. కాబట్టి ఉత్తరమే రాయి.

అసలు సంగతి. మా బిల్డింగు కింద హాల్లో ఆడవాళ్ళ సంఘం ఉంది కదా. సాయంత్రాలు కూర్చుని, ఆ పూట రానివాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి మేం పెట్టుకున్న గౌరవప్రదమైన పేరు అది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ తలుపంత టీవీ మాకు వదిలిపోయారు. ఇప్పుడు దానికి ఓటీటీ కావాలట. ఒక్కటే తీసుకోవాలని మా కార్యదర్శి, అదే ఆ రిటైరైన లెక్కల టీచరు, తీర్మానం రాసింది. సభ్యులం పదకొండు మందిమి. అభిప్రాయాలు పదమూడు.

గొడవ పెట్టింది మూడో అంతస్తు దర్జీ. ఎప్పుడూ నోరెత్తని మనిషి. నిన్న మాత్రం, తన జన్మలో సినిమాలో తనలాంటి దాన్ని చూడలేదని, చూసినా పంటి కింద గుండుసూదులు పెట్టుకుని హీరోయిన్ నడుము కొలిచి వెళ్ళిపోతుందని, ఆ తర్వాత ఆవిడ ఇంటికెళ్ళి ఏం చేస్తుందో ఎవరికీ అక్కర్లేదని అంది. తనలాంటివాళ్ళు కనబడేది ఏదైనా ఉంటే అదే తీసుకుందామంది. హాలంతా నా వైపు తిరిగింది. నువ్వు ఆ వ్యాపారంలోనే ఉన్నావని నేనే గొప్పలు చెప్పుకుని ఉంటాను, ఇప్పుడు అనుభవిస్తున్నాను.

ఎలా ఎంచుకోవాలో రాయి. మీ ఆఫీసు భాషలో కాదు, మనుషుల భాషలో.

అమ్మమ్మ


ఆఫీసు, కిటికీ పక్క బల్ల
జూన్ 12

అమ్మమ్మకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివాను. మీ దర్జీగారిని ఉద్యోగంలోకి తీసుకుందాం అన్నాడు మా మేనేజరు.

ఎలా ఎంచుకోవాలంటే, మొదటి పేజీలో కనబడే బొమ్మలు చూసి మోసపోకండి. ఏడాదికి ఒక నెల ప్రతివాళ్ళూ సినిమాల వరస ఒకటి పెడతారు, “ఎవరూ వినని మాటలు” అనో ఇంకేదో పేరు పెట్టి. నెల తిరిగేసరికి దాన్ని ఎత్తేస్తారు. మీరు మీకు తెలిసిన పని పేరు కొట్టి వెతకండి. దర్జీ, నర్సు, లారీ డ్రైవరు, ఏదైనా సరే. వచ్చినవాటిని ఎవరు తీశారో, ఎవరు రాశారో చూడండి. వాళ్ళ భాష అలాగే ఉంచి కింద అక్షరాలు వేశారా, లేక ఎవరి గొంతో తెచ్చి అతికించారా చూడండి. చెవిటివాళ్ళు, చూపు లేనివాళ్ళు కూడా చూసే ఏర్పాటుందా చూడండి. ఇందులో నాకు స్వార్థం లేదు, నీకే ఉంది.

మాది చిన్న ఓటీటీ సంస్థ. ఎనిమిది మందిమి. నేను ఇక్కడే పనిచేస్తున్నాను కాబట్టి నా మాట సగమే నమ్ము. మాదీ, ఊరంతా చూసే ఆ పెద్దదీ మొదటి నెల ఊరికే చూడనిస్తారు. రెండూ చూసి తేల్చుకోండి.

ఇవన్నీ గుర్తుండవనుకుంటే ఒక్క ప్రశ్న చాలు అమ్మమ్మా. ఏ సినిమా చూసినా, ఇందులో మాట్లాడుతున్నది ఎవరు అని అడగండి. ఇక్కడ నాకు మొదటిరోజు నేర్పింది ఇదే. నాకు ఈ ఉద్యోగం నచ్చిందీ ఇందుకే.

చెవి మిషను పెట్టుకుంటున్నావా, డబ్బాలో దాచుకుంటున్నావా?

నీ మనవరాలు


నాలుగో అంతస్తు
జూన్ 27

చిరంజీవి మనవరాలికి,

మిషను డబ్బాలో క్షేమం.

పరీక్ష పెట్టాం. పెద్దదాంట్లో దర్జీ అని కొట్టి వెతికాం. ఏడు సినిమాలు వచ్చాయి. నాలుగింట్లో దర్జీ గూఢచారి, రెండింట్లో హంతకుడు, ఒకదాంట్లో శవం. మా దర్జీ కళ్ళజోడు తుడుచుకుని, ఇంత జీవితం నేను చూడకుండానే పోయిందే అంది.

తర్వాత మీది పెట్టాం. సినిమా మొదలయ్యే ముందు మీ చక్రం తెర మీద తిరగడంలో చూపించే నిబద్ధత మెచ్చుకోదగ్గది. తిరిగి తిరిగి సినిమా వచ్చాక మాత్రం ఎవరూ లేవలేదు. వినబడని అమ్మాయి తీసిన సినిమా, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారే, అది చూశాం. నా జీవితంలో మొదటిసారి హాలంతటికీ నాతో సమానంగా వినబడలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లెక్కల టీచరు రిమోట్ తీసుకుని సౌండ్ పెంచబోయింది, నేను ఆపలేదు.

మర్నాడు దర్జీ సినిమా. ఒక దర్జీ కూతురు తల్లిని తీసింది. గంటసేపు ఆవిడ కుడుతుంది, మధ్యలో మాట్లాడుతుంది, విప్పేస్తుంది, మళ్ళీ కుడుతుంది. ఇదేం సినిమా అని నేను అనబోయి పక్కకి చూశాను. మా దర్జీ కుర్చీ అంచుకి వచ్చి కూర్చుంది. అయిపోయాక, “ఆ చంక దగ్గర కుట్టు తప్పు” అంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాం.

జులై 13న ఓటింగు. పాటలు కావాలనేవాళ్ళు పెద్దదాని వైపు, మిగతావాళ్ళు మీ వైపు. చెరి అయిదుగురు తేలేట్టున్నారు. నా ఓటు మీ దుకాణానికే, కంగారుపడకు. నీ ప్రశ్న కూడా హాల్లో అట్టముక్క మీద రాసి పెట్టింది టీచరు, “మాట్లాడుతున్నది ఎవరు?” అని. మా సంఘంలో ఆ అట్ట వేరే పనికి కూడా వస్తోంది.

అమ్మమ్మ


ఆఫీసు
జులై 9

అమ్మమ్మా,

ఈ వారం నాకు నిద్ర పట్టనంత సంతోషంగా ఉంది, నీకు చెప్పకుండా ఉండలేను. పాత డాక్యుమెంటరీలు దాచిన గోదాములోంచి మాకు ఒక పెట్టె వచ్చింది. అందులో నలభై ఆరేళ్ళ కిందటి సినిమా ఒకటి దొరికింది. ఇరవై రెండు నిమిషాలు. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఒకావిడ కథ. పెద్ద పెద్ద తొట్లు, ఆవిరి, ఆవిడ చేతులు, వాటి మీద ఆవిడ మాటలు. కెమెరా వైపు తిరిగి మాట్లాడదు. పని చేస్తుంటే మాట మాత్రం వినబడుతుంది.

“తడి దుప్పటి కంటే ఎండిన దుప్పటే నాకు బరువు. ఎండాక దాని మీద ఎవరూ ఉండరు.” ఇలా మొదలవుతుంది. నా ఒళ్ళు జలదరించింది. ఒక కూలిమనిషి, ఆ రోజుల్లో, ఇంత తేటగా తన మాట తను చెప్పుకుందంటే! ఏ పెద్ద సంస్థా ఇలాంటిది వెతకదు. వింటుంటే మనింట్లో మనిషెవరో పక్కన కూర్చుని చెప్తున్నట్టు అనిపించింది.

చివర పేర్లు వచ్చే ముక్క తెగిపోయింది. డబ్బా మీద “ఆవిరక్క స్వగతం” అని మాత్రం ఉంది. ఆగస్టు 20న విడుదల. దీని ముందు వేసే పరిచయం కార్డు నేనే రాస్తున్నాను. అన్ని కార్డుల కంటే పెద్దగా, “తన కథ, తన గొంతుతో” అని పెట్టాలనుకుంటున్నాం. మా సంస్థ ఈ ఏడాది నిలబడుతుందో లేదో కూడా దీని మీదే ఉందంటున్నారు.

నువ్వు ఆ కాలంలో రేడియోలో ఉన్నావుగా, ఆవిరక్క అని ఎవరైనా విన్నావా?

నీ మనవరాలు


నాలుగో అంతస్తు
జులై 15

చిరంజీవి మనవరాలికి,

ఉత్తరం అందింది. రేడియో వేరు, డాక్యుమెంటరీలు వేరు. నలభై ఆరేళ్ళ కిందటివి ఎవరికి గుర్తుంటాయి? అలాంటి పాత సరుకు జనం చూడరు. తొందరపడి పెద్ద పెద్ద అక్షరాలు వెయ్యకండి. వీలైతే వేరేది చూసుకోండి.

సంఘంలో ఓటింగు అయింది. పెద్దదే తీసుకున్నాం. నువ్వు బాధపడకు, ముసలివాళ్ళకి పాటలు కావాలి.

ఇక్కడ వాన. మోకాళ్ళు నొప్పి.

అమ్మమ్మ


అద్దె గది, మంచం మీద
జులై 24

అమ్మమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు. నువ్వు మోకాళ్ళ గురించి రాయడం ఇదే మొదటిసారి.

మీ కార్యదర్శిగారు మాకు ఈ-మెయిల్ పెట్టారు. ఎంతో మర్యాదగా, క్షమించమంటూ. అయిదు అయిదు వచ్చాయట. ఆఖరి చెయ్యి నీదట. నువ్వు పెద్దదానికి ఎత్తావట. దర్జీగారు తన కుర్చీ తనే మడిచి పక్కన పెట్టి వెళ్ళిపోయారట.

నువ్వు మాకు ఓటెయ్యనందుకు కాదు అమ్మమ్మా నా బాధ. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్తావు. నా చిన్నప్పుడు నేను గీసిన గుర్రాన్ని చూసి, పాపం బల్లకి జ్వరం వచ్చిందా అన్నదానివి. అలాంటిదానివి ఈసారి నీళ్ళు నమిలావు. వీలైతే వేరేది చూసుకోమన్నావు. ఆ సినిమా గురించి నీకేదో తెలుసు.

కార్డు ప్రింటుకి వెళ్ళే ముందు చెప్పు. తప్పేదైనా ఉంటే ఆ తప్పు మీద నా పేరు ఉంటుంది.

నీ మనవరాలు


నాలుగో అంతస్తు
ఆగస్టు 2

చిరంజీవి మనవరాలికి,

నీకు మనింట్లో మనిషి మాట్లాడినట్టు అనిపించిందంటే నీ చెవులు బాగున్నాయని అర్థం. ఆ గొంతు నాది.

డాక్యుమెంటరీల వాళ్ళకి గొంతు కావలసి వచ్చినప్పుడు రేడియో నుంచి నన్ను పిలిచేవారు. నాకు ముప్ఫై ఏళ్ళు. మాట స్పష్టంగా ఉంటుందని పేరు. ఆవిరక్కకి అప్పుడు ముప్ఫై ఎనిమిది ఉంటాయి. తొట్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు నిలబడిన మనిషి. రెండు రోజులు టేపు ముందు కూర్చుని మాట్లాడింది. దగ్గేది. మాట మధ్యలో ఆపి, ఆపిన చోట కాకుండా ఇంకెక్కడో మొదలుపెట్టేది. వినేవాళ్ళకి అర్థం కాదని దర్శకుడికి అనిపించింది. మీరు రాసి, మీరే చదవండి, ఆవిడే ‘నేను’ అంటూ చెప్పుకుంటున్నట్టు ఉండాలి అన్నాడు. ఆవిడ మాటలన్నీ విని నేను శుభ్రం చేశాను. ఇస్త్రీ చేశానంటే ఆవిడకి ఇంకా బాగా అర్థమయ్యేది. నీ ఒళ్ళు జలదరించిన ఎండిన దుప్పటి వాక్యం నాది. ఆవిడ అన్నది అది కాదు. దుప్పటి గురించీ బరువు గురించీ ఏదో అంది. ఏమందో నాకు గుర్తు లేదు.

ఆవిడ మాట్లాడిన టేపు రీళ్ళ కోసం వెతకొద్దు. అవి లేవు. టేపు కరువు రోజులు. కొత్త రీలు కావాలంటే మూడు సంతకాలు. ఆవిడ మాట్లాడిన రీళ్ళ మీదే నేను చదివాను. నేను ఒక్కో నిమిషం చదివినకొద్దీ ఆవిడ ఒక్కో నిమిషం చెరిగిపోయింది. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్ళం, ఎవరికీ తప్పనిపించలేదు.

ఆసుపత్రి హాల్లోనే మొదట చూపించారు. ఆవిరక్క తోటివాళ్ళతో ముందు వరసలో కూర్చుంది. దీపాలు వెలిగాక నా దగ్గరికొచ్చి, “చాలా బాగుందమ్మా. ఎవరిది ఈ కథ?” అంది. నేను జోకనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

పదేళ్ళ కిందట కళ్ళాసుపత్రిలో ఆవిడ కనబడింది. పేపరు అడ్డం పెట్టుకున్నాను. చుక్కల మందు వేసి ఉన్న కళ్ళతో పేపరు చదువుతున్న దాన్ని చూసి నర్సు ఏమనుకుందో.

ఓటు సంగతి కూడా చెప్పేస్తాను. మా హాల్లో, ఆ అట్టముక్క కింద, నా గొంతు మోగడం నేను భరించలేననుకున్నాను. దర్జీ మొహం చూడకుండా చెయ్యెత్తాను.

కార్డు ఆపు.

అమ్మమ్మ


ఆఫీసు
ఆగస్టు 11

అమ్మమ్మా,

కార్డు ఆపాను. మేనేజరుకి చెప్పాను. ఆయన నాకు టీ తెప్పించాడు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నువ్వు చేసిందానికంటే, జులై 15న ఎవరికి గుర్తుంటాయి అని నువ్వు రాసిన వాక్యం నన్ను ఎక్కువ పట్టుకుంది. నేను ఆ కార్డు అలాగే వేసి ఉంటే నువ్వు ఊరుకునేదానివా? దీనికి జవాబు రాయకు.

ఆవిరక్కగారు బతికే ఉన్నారు. లాండ్రీ కార్మికుల సంఘం వాళ్ళు చెప్పారు. ఎనభై నాలుగేళ్ళు. నువ్వున్న ఊళ్ళోనే, బస్ డిపో వెనక రెండో అంతస్తులో ఉంటున్నారు. నీకు నాలుగు స్టాపులు. నేను వెళ్ళొచ్చు, కానీ వెళ్ళను. నువ్వు వెళ్ళాలి. సినిమా వెయ్యమంటారో వద్దంటారో ఆవిడే చెప్పాలి. ఇష్టమైతే ఆ కథ ఇప్పుడు తన మాటల్లో మళ్ళీ చెప్పమని అడుగు. ఎంతసేపైనా సరే, దగ్గినా, ఆగినా. మేం ఒక్క ముక్క కూడా కొయ్యం. పాతదాని పక్కన అది కూడా పెడతాం. ఫోన్‌లో ఎర్ర గుండ్రం నొక్కితే రికార్డవుతుంది. లెక్కల టీచరుగారిని అడిగి నేర్చుకో.

మిషను పెట్టుకుని వెళ్ళు.

నీ మనవరాలు


నాలుగో అంతస్తు
ఆగస్టు 30

చిరంజీవి మనవరాలికి,

ముందు చిన్న సంగతి. మొత్తం కథ సంఘంలో చెప్పాను. దర్జీ నన్ను పైనుంచి కింది దాకా కొలిచి చూసి, ఇన్నాళ్ళూ నీ మాటలు కొంటూ వచ్చాను, గుడ్డ పట్టుకుని చూడాల్సింది అంది. వచ్చే నెల నుంచి మీ చక్రమే మా హాల్లో తిరుగుతుంది. ఇది నా మీద గౌరవంతో తీసుకున్న నిర్ణయం కాదని టీచరు తీర్మానంలో ప్రత్యేకంగా రాసింది.

ఇక ఆవిరక్క. మూడు రోజులు బయల్దేరి మూడు రోజులు వెనక్కి వచ్చాను. ఒకరోజు బస్సు కూడా ఎక్కి దిగిపోయాను. నాలుగోరోజు వెళ్ళాను.

ఒక గది, ఒక కిటికీ. అలమరలో బట్టలన్నీ అంచుకి అంచు కలిపి, కాగితాల కట్టల్లా ఉన్నాయి. తలుపు తీసి నన్ను చూసి, “రేడియోఅమ్మా మీరా” అంది, నిన్ననే వచ్చి వెళ్ళినట్టు. టీ పెట్టింది. కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ దిండుగలీబులు మడతపెడుతూనే ఉంది. పక్కింటివాళ్ళవట. చేతులు ఊరికే ఉండలేవంది.

సంగతి చెప్పాను. మళ్ళీ మీ మాటల్లో చెప్తారా అని అడిగాను. ఎందుకు చెప్పను అంది. గలీబులు పక్కన పెట్టి, వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను ఎర్ర గుండ్రం నొక్కాను.

“తడి దుప్పటి కంటే ఎండిన దుప్పటే నాకు బరువు. ఎండాక దాని మీద ఎవరూ ఉండరు.”

ఇరవై రెండు నిమిషాలు, పిల్లా. ఒక్క అక్షరం తప్పలేదు. నేను కామా పెట్టిన చోట ఊపిరి పీల్చింది. నేను గొంతు తగ్గించిన చోట తగ్గించింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. అయ్యాక నా వైపు తిరిగి, “సరిగ్గా చెప్పానా?” అంది.

ఏటేటా ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళకి ఆ సినిమా వేసేవారట. వేశాక ఆవిడని లేపి నాలుగు మాటలు చెప్పమనేవారట. మొదట్లో ఆవిడ తన తీరులో చెప్తే, సినిమాలో ఇలా లేదే అన్నారట. దాంతో సినిమాలోవి నేర్చుకుంది. ఇరవై ఏళ్ళు అవే చెప్పింది.

అది నేను రాసిందని, మీరు అన్నది వేరని చెప్పాను. మొదట మీరేమన్నారో ఏమైనా గుర్తుందా అని అడిగాను. “అదెక్కడుందో నాకేం తెలుసమ్మా? మీరేగా పట్టుకెళ్ళారు” అంది. కోపంగా కాదు. ఉతకడానికి ఇచ్చిన చీర గురించి అడిగినట్టు.

ఇంక ఆపేసి రావలసింది. నేను ఆగలేదు. ఆరోజు ఆసుపత్రి హాల్లో, సినిమా చూస్తుంటే మీకేమనిపించింది, అదైనా చెప్పండి అన్నాను. అంతవరకూ మీరు అంటున్న మనిషి అప్పుడు నువ్వు అంది.

“అది నాకు గుర్తుంది. నీకు చెప్పను. చెప్తే బాగుచేస్తావు.”

సినిమా వేసుకోమంది. చేతులు తనవేనని, అవి జనం చూడాలని అంది. మాట తనదని మాత్రం రాయొద్దంది. రికార్డు చేసింది కూడా తీసెయ్యమంది, అది నీదేగా అంది. ఆవిడ ముందే తీసేశాను. గలీబులు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నేను లేచి వచ్చాను.

అమ్మమ్మ


ఆఫీసు
సెప్టెంబర్ 19

అమ్మమ్మా,

సినిమా మొన్న విడుదలైంది. కార్డు మీద ఇలా వేశాం:

“ఈ చిత్రంలో చేతులు ఆవిరక్కవి. మాటలు ఆమెవి కావు. ఆమె రెండు రోజులు చెప్పిన కథను మరొకరు తిరగరాసి చదివారు. ఆమె మాటల రికార్డు మిగల్లేదు.”

ఇంత చప్పగా ఉంటే ఎవరు చూస్తారని మేనేజరుకి భయం. కానీ చూస్తున్నారు. అయితే చాలామంది కార్డు దాటేసి చూస్తున్నారు. రోజూ ఉత్తరాలు వస్తున్నాయి. “ఆ తల్లి గొంతులో ఎంత నిజం ఉందో” అని ఒకావిడ రాసింది. ఒక్కొక్కళ్ళకీ కూర్చుని జవాబు రాస్తున్నాను, అది ఆవిడ గొంతు కాదని. ఇద్దరు నన్ను తిట్టారు కూడా, ఒక పేదమనిషి అంత బాగా మాట్లాడగలదంటే మీకు నమ్మకం లేదా అని. మొదట్లో నేనూ వాళ్ళలాంటిదాన్నే కాబట్టి ఓపిగ్గా రాస్తున్నాను.

నీ మీద కోపం తగ్గిందని చెప్పడానికే ఈ ఉత్తరం. నేను చాలా ఆలోచించాను. రాయమన్నది ఆ దర్శకుడు. టేపు దొరకని రోజులు. అందరూ చేసేదే నువ్వూ చేశావు. అందులో సగం తప్పు కాలానిది అమ్మమ్మా. ఆ సగం నువ్వు మొయ్యక్కర్లేదు.

వచ్చే నెల సెలవు పెట్టుకుని వస్తాను. దర్జీగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మనవరాలు


నాలుగో అంతస్తు
సెప్టెంబర్ 25

చిరంజీవి మనవరాలికి,

నువ్వు తగ్గించిన సగం నాకొద్దు. తిప్పి పంపిస్తున్నాను.

టేపు కరువు నిజమే. కానీ ఆ శనివారం స్టూడియో బీరువాలో నాలుగు కొత్త రీళ్ళు ఉన్నాయి, సీలు తియ్యనివి. తాళం నా సంచిలో ఉంది.

రాయమన్నది దర్శకుడే, అదీ నిజమే. శుక్రవారం నేను రాసింది చదివి వినిపించాను. ఆయన మెచ్చుకున్నాడు. తర్వాత ఎందుకో ఆవిడ టేపు మళ్ళీ పెట్టమన్నాడు. ఇద్దరం విన్నాం. ఆవిడ తొట్ల గురించి చెప్తూ చెప్తూ దగ్గి, ఆగి, ఇంకేదో మొదలుపెట్టింది. ఆ ఆగిన చోట ఆయన తల వంచుకున్నాడు. “ఈవిడనే ఉంచేద్దామా? సోమవారం తేల్చుకుందాం” అన్నాడు. అలాగే అన్నాను.

నేనూ విన్నాను కదా. ముప్ఫై ఏళ్ళ వయసు, మాట తేటగా ఉంటుందని పేరు, నా చేతిలో చక్కగా రాసుకున్న కాగితం. ఆవిడ దగ్గు నా వాక్యాలన్నింటికంటే బాగుంది. అది నాకు తెలిసింది. ఆయనకి సోమవారం తెలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళి, ఆవిడ రీళ్ళ మీద చదివాను. రెండు రీళ్ళూ నిండేదాకా, మళ్ళీ మళ్ళీ. సోమవారం ఆయన అడిగితే, టేపు లేదు కదండీ, అదే వాడేశాను అన్నాను. ఆయన మంచిమనిషి, నమ్మాడు. నలభై ఆరేళ్ళుగా నేనూ ఆయనతో పాటు నమ్ముతూ వచ్చాను. ఆగస్టులో నీకు రాసినప్పుడు కూడా నమ్మే రాశాను. ఆవిడ గదిలో, సరిగ్గా చెప్పానా అని నన్ను అడిగినప్పుడు ఇక నమ్మలేకపోయాను. అయినా ఆవిడకి చెప్పకుండానే లేచి వచ్చాను. నీకూ రాయలేదు.

కార్డు మీద ఉన్నది చాలు, మార్చకు. నా పేరు వెయ్యమని అడగను, వేస్తే అది కూడా నాకో ప్రచారం అవుతుంది. నువ్వు సెలవు పెట్టుకుని రావాలా వద్దా అన్నది ఇది చదివాక తేల్చుకో. రాకపోయినా నేను ఏమీ అనుకోను. అంటే అనుకుంటాను, కానీ పైకి అనను.

రేపు పొద్దున్నే డిపో వెనక్కి వెళ్తున్నాను. ఆ శనివారం సంగతి ఆవిడకి చెప్పాలి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తాను. ఆవిడ ఏమంటుందో, అసలు ఏమైనా అంటుందో లేదో తెలియదు. ఏమన్నా నీకు రాయను, అడగకు. ఆ మాట ఆవిడ దగ్గరే ఉంటుంది.

అమ్మమ్మ